ఇంటర్ ఎంపీసీ నుంచి వ్యోమగామి అవ్వాలంటే ఏ దారిలో పోవాలి?

తిరుచానూరు అన్న: మా చెల్లి తిరుపతిలో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. శ్రీహరికోట గ్యాలరీలో కూర్చుని లాంచ్ చూసొచ్చినప్పటి నుంచీ ఆస్ట్రోనాట్ అవుతానని ఒకటే పాట. నాన్నేమో ముందు బీటెక్ చెయ్యి, తర్వాత చూద్దాం అంటాడు. శ్రీహరికోట ఇప్పుడు మన జిల్లాలోనే ఉంది కదా, అక్కడి ఇస్రో లాంచ్ కేంద్రం షార్‌లో ఉద్యోగం వస్తే వాళ్లలోంచే తీసుకుంటారా? పిల్లకి కళ్లద్దాలున్నాయి, అదొక టెన్షన్.

రిటైర్డ్ వాయుసేన: షార్‌లో ఉద్యోగం వేరు, రాకెట్‌లో కూర్చోవడం వేరు తమ్ముడూ. మన మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్‌కి ఎంపికైన నలుగురూ వాయుసేనలో కొత్త విమానాల్ని నడిపి పరీక్షించే టెస్ట్ పైలట్లే, 1984లో వెళ్లిన రాకేశ్ శర్మా అంతే. కొత్త వాహనంలో ఏదైనా తేడా వస్తే క్షణాల్లో తేల్చుకోవడం అలవాటైనవాళ్లు కావాలి కదా. ఇంటర్ కాగానే సైనిక అధికారుల శిక్షణకి తీసుకునే ఎన్డీఏ పరీక్ష రాయొచ్చు, 2022 నుంచి అమ్మాయిలనీ తీసుకుంటున్నారు. అయితే ఓపిక ఉండాలి, ఆ నలుగురిలో ఒకడైన శుభాంశు శుక్లా 2006లో వాయుసేనలో చేరితే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లింది 2025 జూన్‌లో. పైలట్లకి కంటి చూపు నియమాలు కఠినం, అప్లై చేసేముందే డాక్టర్‌కి చూపించండి.

గాదంకి రోడ్డు: సార్ చెప్పింది నిజమే కానీ ఫైటర్ నడపాలన్న కోరికే లేని పిల్లని అటు తోయకండప్పా. కల్పనా చావ్లా చండీగఢ్‌లో ఏరోనాటికల్ చదివి, అమెరికాలో పీహెచ్‌డీ చేసి, నాసాలో గాలి ప్రవాహాల మీద పరిశోధన చేసి, 1994లో వ్యోమగామిగా ఎంపికైంది. నాసాకి అమెరికా పౌరసత్వం తప్పనిసరి, అది మాత్రం ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఇక్కడే ఉండాలంటే అంతరిక్ష చదువుల కాలేజీ, తిరువనంతపురం ఐఐఎస్‌టీ ఉంది. రేపు పైకి వెళ్లలేకపోయినా గాదంకి రాడార్ దగ్గర వాతావరణం మీద పనిచేసేవాళ్లని అడగండి, ఎవరూ ఏడుస్తూ కూర్చోలేదు.

బైరాగిపట్టెడ: ఇంకో దారి, డబ్బు 😀 2024లో మన విజయవాడ తోటకూర గోపీచంద్ బ్లూ ఆరిజిన్ అనే ప్రైవేటు కంపెనీ రాకెట్‌లో టూరిస్టుగా వెళ్లొచ్చాడు, నిమిషాల్లో పని అయిపోయింది. గుంటూరులో పుట్టిన బండ్ల శిరీష అయితే 2021లో తను ఉద్యోగం చేసే వర్జిన్ గెలాక్టిక్ నౌకలోనే వెళ్లింది.

తిరుచానూరు అన్న: థాంక్స్ అందరికీ. నీకు నడపడం ఇష్టమా, పైకెళ్లడం ఇష్టమా అని చెల్లిని అడిగితే, ఎవరైనా నడపనీ, నేను అక్కడ ప్రయోగాలు చేయాలి అంది. అంటే చివరికి బీటెక్కే, నాన్న ముఖం చూడాలి! ఐఐఎస్‌టీకి కూడా ఐఐటీల సీట్లిచ్చే జోసా కౌన్సెలింగేనా?

గాదంకి రోడ్డు: కాదు. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకే చూస్తారు గానీ వాళ్ల సైట్‌లో విడిగా అప్లై చేయాలి, తేదీ దాటనివ్వకండి.