షిన్ నొప్పి ఉండగా పరుగు పూర్తిగా ఆపాలా, తగ్గించి సాగించాలా?

గోదావరిఖని అభ్యర్థి

నేను కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్నాను. ప్రిలిమ్స్ అయ్యేంతవరకు రీడింగ్ రూమ్‌లో కూర్చుని చదవడమే తప్ప గ్రౌండ్ ముఖం చూడలేదు. పరీక్ష అయిన మరునాటి నుంచి రోజూ తెల్లవారుజామున 1600 మీటర్లు పూర్తి వేగంతో పరుగెత్తి టైమింగ్ చూసుకుంటున్నాను. సాయంత్రం సీసీ రోడ్డు మీద మరికొంత దూరం పరుగు. ఇప్పుడు రెండు కాళ్లకూ మోకాలి కింద, ఎముక లోపలి అంచు వెంబడి నొప్పి వస్తోంది. పరుగు మొదట్లో ఎక్కువగా ఉండి, ఒళ్లు వేడెక్కాక తగ్గి, గదికొచ్చి కూర్చున్నాక మళ్లీ లాగుతోంది. క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని పరుగెత్తమని మా బ్యాచ్‌వాళ్లు, పూర్తిగా మానేయమని ఇంట్లోవాళ్లు చెబుతున్నారు. ఈవెంట్స్ (దేహదారుఢ్య పరీక్షలు) తేదీ ఇంకా ప్రకటించలేదు. ఏది సరైన దారో తెలిసినవారు చెప్పగలరు.

విశ్రాంత పీఈటీ

బాబూ, జిల్లా పరిషత్ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి విరమించాను, ఇప్పటికీ ఉదయం పూట మా మండలం పిల్లలను పరుగెత్తిస్తుంటాను. కొత్తగా మొదలుపెట్టిన ప్రతి బ్యాచ్‌లోనూ ఈ నొప్పి చూస్తాను. పూర్తిగా ఆపమనే సలహాను నేను ఒప్పుకోను. 2022 తెలంగాణ నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో ముగించాలి, అంటే నాలుగు వందల మీటర్ల ట్రాక్‌పై చుట్టుకు సుమారు 1 నిమిషం 48 సెకన్లు. ఆ వేగానికి దమ్ము కావాలి, ఇంట్లో కూర్చుంటే ఆ దమ్ము పోతుంది. రోడ్డు మానెయ్యి, మట్టి నేల మీద పరుగెత్తు, అయ్యాక ఐసు పెట్టుకో. కొంత ఓర్చుకుంటేనే కాలు గట్టిపడుతుంది.

ఫిజియో, హనుమకొండ

పీఈటీ సార్ చెప్పిన దమ్ము సంగతి నిజమే గానీ, "ఓర్చుకుంటే గట్టిపడుతుంది" అన్న మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. ఎముక గట్టిపడే మాట వాస్తవమే, అయితే అది ఓర్పు వల్ల కాదు, విరామం వల్ల. పరుగులో ప్రతి అడుగుకూ టిబియా, అంటే మోకాలి కింది పెద్ద ఎముక, కాస్త వంగుతుంది. ఆ ఒత్తిడికి తగినట్టు శరీరం ముందు అలసిపోయిన పాత ఎముకను తొలగించి, ఆ తర్వాత కొత్తది పోస్తుంది. పాత ఇటుకలు తీసేసిన గోడకు కొత్తవి పేర్చేలోపే బరువు పెడితే ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. తొలగించే పని కొన్ని వారాల్లో అయిపోతుంది, నింపే పనికి నెలలు పడుతుంది. ఊపిరితిత్తులు, గుండె మాత్రం నెల రోజుల్లోనే చెప్పుకోదగినంత మెరుగుపడతాయి. అందుకే దమ్ము వచ్చిందన్న ధైర్యంతో వేగం పెంచినప్పుడే ఈ నొప్పి మొదలవుతుంది. నెలల తరబడి కూర్చుని ఒక్కసారిగా రోజూ టైమింగ్ ఇవ్వడం దీనికి కచ్చితమైన దారి.

ఇక ఆపాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు మీ బొటనవేలిలో ఉంది. కూర్చుని కాలు వదులుగా పెట్టి, చీలమండ దగ్గర నుంచి ఎముక లోపలి అంచు మీద బొటనవేలితో కొంచెం కొంచెంగా నొక్కుతూ పైకి రండి. కనీసం అయిదు సెంటీమీటర్ల మేర, అంటే దాదాపు మూడు వేళ్ల వెడల్పున, అంచు పొడవునా నొప్పి పరచుకుని ఉంటే అది సాధారణంగా షిన్ స్ప్లింట్స్, అంటే ఒత్తిడి వల్ల ఎముక అంచు వెంబడి వచ్చే నొప్పి. వేలి కొన పట్టేంత ఒక్క చోట మాత్రమే ప్రాణం పోయేలా ఉంటే, రాత్రి పడుకున్నప్పుడూ నొస్తుంటే, ఒంటికాలిపై గెంతలేకపోతే, అది ఎముకలో సన్నని చీలిక, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ కావచ్చు. అప్పుడు చర్చే లేదు, పరుగు ఆపి ఎముకల డాక్టరును కలవాలి. ఎముక ముందు వైపు, నడిమి భాగంలో అలాంటి చోటు దొరికితే మరీ ఆలస్యం చేయకూడదు. అక్కడి చీలికలు త్వరగా అతకవు, పూర్తిగా విరిగే ప్రమాదమూ ఉంటుంది. పరుగెత్తేటప్పుడు పిక్క బిగుసుకుపోయి పాదం తిమ్మిరెక్కి, ఆపిన కొద్దిసేపటికే అంతా సర్దుకుంటే అది మూడో జబ్బు, దానికి వేరే పరీక్షలున్నాయి.

నల్గొండ ఎస్సై అభ్యర్థిని

మేడమ్, నాకు ఆ బొటనవేలి పరీక్ష ఎవరూ చెప్పలేదు. నేను చేరిన అకాడమీలో నొప్పి అంటే బద్ధకం కింద లెక్క. ఎక్స్‌రే తీయిస్తే అంతా బాగుందన్నారు, దాంతో మళ్లీ గ్రౌండ్‌కు పంపారు. నడుస్తున్నప్పుడు కూడా కాలు మోపలేని స్థితి వచ్చాకే ఎమ్మారై తీశారు, అందులో చీలిక కనిపించింది. మహిళలకు 800 మీటర్లకు 5 నిమిషాల 20 సెకన్లు ఇస్తారు, అంటే చుట్టుకు 2 నిమిషాల 40 సెకన్లు. అంత వ్యవధి ఉన్న పరీక్ష కోసం ఎముక పగలగొట్టుకోవాల్సిన అవసరమే లేదని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇంకో మాట కూడా రాయాలి, ఎందుకంటే గ్రౌండ్‌లో దీని గురించి ఎవరూ మాట్లాడరు. బరువు తగ్గితే వేగం వస్తుందని మాలో చాలామంది రాత్రి భోజనం మానేస్తారు, ఆపై నెలసరి తప్పినా పరుగు ప్రభావమేలే అని ఊరుకుంటారు. అది ఎముకకు తగినంత తిండి అందడం లేదని శరీరం చేసే హెచ్చరిక అని డాక్టరు చెప్పాకే నాకు తెలిసింది.

ఫిజియో, హనుమకొండ

ఎక్స్‌రే విషయంలో జరిగింది అందరూ గుర్తుపెట్టుకోవాలి. తొలి రెండు మూడు వారాల్లో స్ట్రెస్ ఫ్రాక్చర్ ఎక్స్‌రేలో తరచుగా కనిపించదు, కాబట్టి ఎక్స్‌రే బాగుంది అన్న మాటకు ఎముక బాగుంది అని అర్థం కాదు. తిండి విషయంలో అమెరికా నౌకాదళంలో చేరిన మహిళలపై జరిపిన ఒక ప్రయోగం 2008లో ప్రచురితమైంది. రోజుకు 2000 మిల్లీగ్రాముల కాల్షియం, 800 యూనిట్ల విటమిన్ డి ఇచ్చిన వారిలో స్ట్రెస్ ఫ్రాక్చర్లు సుమారు 20 శాతం తగ్గాయి. దీన్ని చూసి మాత్రలు కొనుక్కోమని నేను అనడం లేదు. హాస్టల్ భోజనంలో పెరుగు, గుడ్డు, పప్పు మానకండి, విటమిన్ డి తక్కువగా ఉందేమో రక్త పరీక్షతో చూసుకోండి.

లెక్కల మాస్టారు

నాకు ఈ చర్చలో రెండు పక్షాలూ కొంచెం తొందరపడుతున్నట్టు అనిపిస్తోంది. వారానికి పది శాతానికి మించి పెంచకూడదన్న సూత్రాన్ని అందరూ మంత్రంలా చెబుతారు. నెదర్లాండ్స్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టిన అయిదు వందల మందికి పైగా చేసిన పరీక్షలో, ఆ పద్ధతిలో నెమ్మదిగా పెంచినవారికీ మామూలుగా పెంచినవారికీ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పిక్కను బిగుతుగా పట్టి ఉంచే కంప్రెషన్ సాక్సుల సంగతీ అంతే. షిన్ స్ప్లింట్స్ ఉన్న 74 మంది క్రీడాకారులను మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు మెట్లుమెట్లుగా పెంచే పరుగు మాత్రమే, రెండో జట్టుకు అదనంగా పిక్క వ్యాయామాలు, మూడో జట్టుకు సాక్సులు ఇచ్చి చూశారు. 2012లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం కోలుకునే కాలంలో తేడా లేదు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఏ జట్టుకైనా నొప్పి లేకుండా 18 నిమిషాలు పరుగెత్తగలిగే స్థితి రావడానికి సగటున వంద రోజులు దాటింది. రెండు వారాల విశ్రాంతితో పని అయిపోతుందనేవారూ, ఓర్చుకుంటే పోతుందనేవారూ ఈ సంఖ్య దగ్గర ఒకసారి ఆగాలి.

విశ్రాంత పీఈటీ

వంద రోజులంటే మా పిల్లవాడి ఈవెంట్స్ వచ్చి వెళ్లిపోతాయి, మాస్టారూ. ఉద్యోగ నోటిఫికేషన్ మళ్లీ ఎన్నేళ్లకు వస్తుందో ఎవరికి తెలుసు? డచ్చి క్రీడాకారుడికి వచ్చే ఏడాది పోటీ ఉంటుంది, వీడికి వయోపరిమితి ఉంది. అందుకే ఈ చర్చను ఆస్పత్రి వైపు నుంచి మాత్రమే చూడవద్దంటున్నాను. అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. నాలుగు చుట్ల పరీక్షకు రోజూ నాలుగు చుట్లు పూర్తి వేగంతో పరుగెత్తే పద్ధతి నాకూ నచ్చదు. టైమింగ్ వారానికి ఒకసారి చూసుకుంటే చాలు. మిగతా రోజుల్లో పక్కవాడితో మాట్లాడగలిగే వేగం మించకూడదు.

ఫిజియో, హనుమకొండ

సార్, అలాగైతే మన మధ్య తగాదా చాలా చిన్నది. పరచుకున్న నొప్పి అయితే నేనూ పూర్తిగా ఆపమనను, ఎందుకంటే ఆపినవారు నొప్పి పోగానే మొదటి రోజే టైమింగ్ ఇచ్చి మళ్లీ మా దగ్గరికే వస్తారు. నా దగ్గర పద్ధతి ఇది: మామూలుగా నడిచినప్పుడు వచ్చే నొప్పి పోయేంతవరకు పరుగు లేదు, ఆ లోపు దమ్ము కోసం సైకిల్, బావో కొలనో అందుబాటులో ఉంటే ఈత. నడక నొప్పి పోయాక రోజు విడిచి రోజు నడక మధ్యలో చిన్న చిన్న జాగింగ్. మర్నాడు ఉదయం మంచం దిగినప్పుడు నొప్పి ముందు రోజుకంటే ఎక్కువగా ఉంటే వెనకటి మెట్టుకు రావాలి. దూరం, వేగం ఒకే వారంలో రెండూ పెంచకూడదు. అడుగు కొంచెం కుదించి, నిమిషానికి వేసే అడుగుల సంఖ్య అయిదు నుంచి పది శాతం పెంచితే ఎముకపై భారం తగ్గుతుంది, దీనికి పైసా ఖర్చు లేదు. మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తే వ్యాయామం మోకాలు నిటారుగా ఉంచి ఒకసారి, వంచి ఒకసారి చేయాలి. మాస్టారు చెప్పిన పరీక్షలో దీనివల్ల కోలుకోవడం వేగవంతం కాలేదన్నది నిజమే. అయినా బలమైన పిక్క, ఎముక మీద పడే వంపును పంచుకుంటుంది కనుక నేను మాన్పించను.

క్రేప్ బ్యాండేజీ వల్ల ఎముకకు జరిగే మేలు ఏమీ లేదు, బిగుతు మాత్రం తెలుస్తుంది.

చిత్తూరు కానిస్టేబుల్ అభ్యర్థి

మా ఆంధ్రప్రదేశ్‌లో 1600 మీటర్లకు 8 నిమిషాలు ఇస్తారు కాబట్టి తొందర కొంత తక్కువే, అయినా ఈవెంట్స్ రోజున నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం ఇక్కడ మామూలైపోయింది. కొందరైతే సాధనకు ముందు కూడా డైక్లోఫెనాక్ వేసుకుంటారు. ఇందులో తప్పుందా?

ఫిజియో, హనుమకొండ

సాధనకు ముందు వేసుకోవడం కచ్చితంగా తప్పు. నొప్పి ఎంతవరకు పరుగెత్తవచ్చో చెప్పే ఏకైక కొలత, దాన్ని మాత్రతో మూసేస్తే చీలిక దిశగా వెళ్తున్నా తెలియదు. పైగా ఎండలో చెమటపట్టి, నీళ్లు తక్కువ తాగి, ఖాళీ కడుపుతో వేసుకుంటే మూత్రపిండాలకూ కడుపుకూ ముప్పు. పరీక్ష రోజు సంగతి డాక్టరుతో ముందే మాట్లాడుకోండి. ఎప్పుడూ వాడని మందును ఆ రోజు మొదటిసారి మింగవద్దు.

గోదావరిఖని అభ్యర్థి

మేడమ్ చెప్పినట్టు బొటనవేలితో నొక్కి చూశాను. ఎడమ కాలికి చీలమండ పై నుంచి అరచెయ్యి పొడవున నొప్పి పరచుకుని ఉంది. కుడి కాలికి మాత్రం పిక్క సగం ఎత్తులో ఒక్క చోట, రూపాయి బిళ్లంత మేర నొక్కితే చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆ కాలి మీద గెంతలేకపోతున్నాను.

ఫిజియో, హనుమకొండ

అయితే ఈ చర్చ మీ ఎడమ కాలికే వర్తిస్తుంది. కుడి కాలికి ఈ వారంలోనే ఎముకల డాక్టరును కలవండి, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా ఆ ఒక్క చోటు నొప్పి గురించి నొక్కి చెప్పండి. అది తేలేవరకు పరుగు, గెంతులు రెండూ వద్దు.

విశ్రాంత పీఈటీ

మేడమ్ మాట విను, బాబూ. ఒక్క చోట పొడిచే నొప్పితో నేనెవరినీ పరుగెత్తించను. డాక్టరు సరేనంటే సైకిల్ తొక్కు. లాంగ్ జంప్ గుంట వైపు వెళ్లకు. షాట్‌పుట్ గుండు 7.26 కిలోలు, ఆరు మీటర్లు పడాలి, దాన్ని కదలకుండా నిలబడి విసరడం ఇప్పుడే నేర్చుకో, ఎలాగూ చాలామంది దాన్ని చివరి వారానికి వదిలేసి అక్కడే పోగొట్టుకుంటున్నారు.