థింక్‌ప్యాడ్ టీ42లో లినక్స్: ఒకటి ఎక్కదు, ఎక్కింది బిగుసుకుంటుంది (ఫోరం చర్చ, ప్రతి పోస్టు పైన రాసినవారి మారుపేరు)

అలిపిరి మెట్లు, తిరుపతి

అన్నలకు నమస్తే. నా దగ్గర ఐబీఎం థింక్‌ప్యాడ్ టీ42 అనే పాత ల్యాప్‌టాప్ ఉంది. పెంటియమ్ ఎం 1.7 గిగాహెర్ట్జ్, 512 ఎంబీ ర్యామ్, 40 జీబీ ఐడీఈ డిస్కు, రేడియన్ 7500 గ్రాఫిక్స్. ఇంట్లో పెద్దాయన తెలుగులో టైపు చేసుకోడానికి సిద్ధం చేయాల.

మొదట లుబుంటు 18.04 (ఉబుంటు లినక్స్‌లో తేలికపాటి రకం, 32 బిట్) పెన్‌డ్రైవ్‌తో పెడితే, ఈ ప్రాసెసర్‌లో పీఏఈ (32 బిట్ చిప్పు 4 జీబీ దాటిన మెమరీని వాడుకునే సౌకర్యం) లేదు అని చెప్పి అక్కడే ఆగింది. తర్వాత యాంటిఎక్స్ 23 అనే ఇంకో లినక్స్ (32 బిట్) ఎక్కించాను, ఇన్‌స్టాల్ సాఫీగా అయింది. కానీ డెస్క్‌టాప్ వచ్చిన పది నిమిషాలకు తెర బిగుసుకుపోతుంది, మౌస్ కూడా కదలదు. పైగా ప్లగ్ తీసి పెట్టిన ప్రతిసారీ బూట్‌లో 0271 అని వస్తుంది, తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. వెబ్‌సైట్లన్నీ సర్టిఫికెట్ చెల్లదంటాయి. ఇదంతా డిస్కు చెడిపోయినందువల్లనా? కొత్తది కొనాలా?

రేణిగుంట జంక్షన్

డిస్కు కొనకండి, ఇందులో దాని తప్పు కనబడలేదు. మీరు చెప్పినవి మూడూ వేరువేరు జబ్బులు, ఒకదానికి మందు వేస్తే ఇంకోటి తగ్గదు.

పీఏఈ సంగతి: 400 మెగాహెర్ట్జ్ బస్సు (చిప్పు మెమరీతో మాట్లాడే దారి) ఉన్న పెంటియమ్ ఎం చిప్పుల్లో పీఏఈ పనిచేస్తుంది, కానీ ఉందని చిప్పు బయటికి చెప్పదు. ఉబుంటు కుటుంబం కెర్నెల్ (లినక్స్ మూల భాగం) ఆ జెండా, అంటే పీఏఈ ఉందనే గుర్తు, కోసం చూసి, లేకపోతే ఆగిపోతుంది. బూట్ లైను చివర ఫోర్స్‌పీఏఈ (forcepae) అని ఒకే మాటగా, చిన్నబడి అక్షరాల్లో చేరిస్తే దాటుతుంది. అయినా నా మాట వినండి, ఆ దోవ వద్దు. లుబుంటు 18.04కు 2021 ఏప్రిల్‌తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. యాంటిఎక్స్ 32 బిట్ కెర్నెల్‌కు పీఏఈ అవసరం లేదు, అందుకే మీకు ఇబ్బంది లేకుండా ఎక్కింది. దాన్నే ఉంచుకోండి. డెబియన్ అనే మరో లినక్స్ 12వ వెర్షన్‌లో కూడా పీఏఈ అడగని 686 కెర్నెల్ ఉంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు మాత్రం 32 బిట్ ఇన్‌స్టాలరే లేదు, పొరపాటున దాన్ని దించుకోకండి.

తెర బిగుసుకోవడం: ముందు తప్పు గ్రాఫిక్స్‌దా, ర్యామ్‌దా తేల్చుకోండి. బూట్ మెనూలో కీబోర్డు మీద ఇంగ్లీషు e అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైను చివర ఒక ఖాళీ వదిలి 3 అంకె పెట్టి, ఎఫ్10 నొక్కండి. డెస్క్‌టాప్ లేకుండా ఉత్త అక్షరాల తెర వస్తుంది. అందులో గంటసేపు పెద్ద ఫైళ్లు కాపీ చేయిస్తూ ఉండండి. అప్పుడూ బిగుసుకుంటే ర్యామ్ మీద అనుమానం, మెమ్‌టెస్ట్ అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్ కనీసం ఒక పూర్తి చుట్టు తిప్పాల. బిగుసుకోకపోతే ఏజీపీ (గ్రాఫిక్స్ చిప్పును మిషన్‌తో కలిపే పాత దారి) గొడవ. పాత కెర్నెళ్లలో రేడియన్ డ్రైవరు ఏజీపీ పద్ధతిలో మెమరీ పంచుకుంటుంది, ఈ తరం ల్యాప్‌టాప్‌లలో అది కుదరక మిషన్ మొత్తం ఆగిపోతుంది. అదే లైను చివర, 3కు బదులు, రేడియన్ చుక్క ఏజీపీమోడ్ సమానం మైనస్ 1 (radeon.agpmode=-1) అని పెట్టండి. అంతా చిన్నబడిలో, నడుమ ఎక్కడా ఖాళీ లేకుండా. ఏజీపీ మానేసి పీసీఐ పద్ధతికి మారుతుంది. వేగం రొంత తగ్గుతుంది, టైపింగ్‌కు ఏమీ తెలియదు.

ఇట్లా పెట్టింది ఆ ఒక్క బూట్‌కే. నిలబడాలంటే గ్రబ్ (బూట్ మెనూ చూపే ప్రోగ్రామ్) డీఫాల్ట్ ఫైలులోని కమాండ్‌లైన్ వరుసలో అదే రాసి, గ్రబ్ అప్‌డేట్ ఆదేశం ఇవ్వాల. ఎక్కువమంది మరిచిపోయేది ఈ రెండో పనే.

చిత్తూరు మామిడి

గడియారం గురించి నేను చెప్తా. 0271 అంటే తేదీ, సమయం తప్పు అని. లోపలి సీమాస్ బ్యాటరీ, మిషన్ ఆపినా గడియారం నడిపించే చిన్నది, చచ్చిపోయింది. సైట్ల సర్టిఫికెట్లు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతాయి. మీ మిషన్ ఏళ్ల వెనక ఉంటే దాని లెక్కలో అవి ఇంకా పుట్టనే లేదు. ప్యాకేజీల అప్‌డేట్ కూడా ఇదే కారణంతో ఆగుతుంది. ఒక్కోసారి బూట్‌లోనే, డిస్కు చివరిసారి వాడింది భవిష్యత్తులో అని ఫైల్‌సిస్టమ్ తనిఖీ ఫిర్యాదు చేస్తుంది. దాన్ని చూసి డిస్కు పోయిందని భయపడతారు.

కావలసింది సీఆర్2032 నాణెం బ్యాటరీ, కానీ రెండు వైర్లు, చిన్న కనెక్టరు అంటించి ఉన్నది. మల్టీమీటర్‌తో చూస్తే కొత్తది 3 వోల్టులు దాటి చూపాల. ఉత్త నాణెం కొని దాని మీద నేరుగా సోల్డర్ పెట్టొద్దు, వేడికి బ్యాటరీ పాడవుతుంది, పగలనూ వచ్చు. తిరుపతిలో దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్‌లో అడగండి. విప్పేముందు అడాప్టరూ, పెద్ద బ్యాటరీ రెండూ తీసేయండి. ఏ స్క్రూ ఎక్కడిదో ఐబీఎం హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్‌లో బొమ్మలతో ఉంటుంది. అది చూడకుండా చేయి పెట్టకండి, పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే కింద బోర్డుకు దెబ్బ.

అందాకా ఫేక్ హెచ్‌డబ్ల్యూక్లాక్ అనే ప్యాకేజీ వేసుకోండి. ఆపేటప్పటి సమయం దాచిపెట్టి, మళ్లీ పెట్టేటప్పుడు అక్కడి నుంచి మొదలుపెడుతుంది. సరైన సమయం కాదు, కానీ సర్టిఫికెట్లకు చాలు.

ఇంకోటి, దీన్ని ఒక చేత్తో ఒక మూల పట్టుకుని ఎత్తొద్దు. బోర్డు వంగి గ్రాఫిక్స్ చిప్పు కింది టాంకా (సోల్డర్ అతుకు) వదలడం ఈ మోడల్‌కు పేరుపడ్డ రోగం. ఐబీఎం లోగో దగ్గరే గీతలు పడితే అది అదే, సాఫ్ట్‌వేర్‌తో పోదు.

అలిపిరి మెట్లు, తిరుపతి

చాలా థ్యాంక్స్ అన్నా. అక్షరాల తెరలో రెండు గంటలు నడిచింది, ఆగలేదు. ఏజీపీ లైను పెట్టాక డెస్క్‌టాప్ కూడా ఇప్పటిదాకా బాగుంది. ర్యామ్, తెలుగు సంగతి చెప్తారా? వైఫైలో మా రూటరు కనబడలేదు.

రేణిగుంట జంక్షన్

ర్యామ్: డీడీఆర్ మొదటి తరం, పీసీ2700, ల్యాప్‌టాప్ సైజు. 1 జీబీవి రెండు, దీనికి 2 జీబీయే గరిష్ఠం. డీడీఆర్2కు కూడా 200 పిన్నులే ఉంటాయి కాబట్టి అంగట్లో తారుమారు చేసి ఇస్తారు. గాడి చోటు వేరు, నొక్కితే స్లాటు విరుగుతుంది. 512తో లిబ్రేఆఫీస్ తెరిస్తే స్వాప్‌లోకి (ర్యామ్ చాలక డిస్కునే మెమరీగా వాడే చోటికి) పోయి ఏడిపిస్తుంది, ముందు ఇది కొనండి.

వైఫై: లోపల ఇంటెల్ 2200బీజీ కార్డు ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పడుతుంది. రూటర్‌లో ఆ బ్యాండు తెరిచి, భద్రత డబ్ల్యూపీఏ2 పెట్టండి. కార్డే మార్చేద్దామనుకుంటే జాగ్రత్త, ఐబీఎం జాబితాలో లేని కార్డు పెడితే 1802 అని చూపి బూట్ కానే కాదు.

తెలుగుకు ఫాంట్స్ టెలు, ఫాంట్స్ టెలు ఎక్స్‌ట్రా అనే రెండు ప్యాకేజీలు. రెండోదాంట్లో పోతన, వేమన ఖతులు వస్తాయి. కీబోర్డుకు వేరే ప్రోగ్రామ్ ఏదీ వద్దు, ఎక్స్ (లినక్స్‌లో డెస్క్‌టాప్ తెర నడిపే భాగం) లోపలే భారతదేశం కింద తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్ ఉంది, మెమరీ తినదు. పెద్దాయన దగ్గర అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు ఉంటే అవి యూనికోడ్ కావు, ముందు మార్పిడి చేయాల. ఆ ఫైల్లో ఒక పేజీ ఇక్కడ పెట్టండి, ఏ వెర్షనో చూసి చెప్తా.