కంపెనీల పక్క ఊళ్లలో ఉంటున్నవాళ్లు నీళ్లు, గాలి, జబ్బుల గురించి మీకు తెలిసింది రాయండి

నక్కవాగు పక్కూరు
మాది పటాన్‌చెరు దగ్గర నక్కవాగు ఒడ్డున ఉన్న ఊరు. చీకటి పడితే చాలు మందుల కంపెనీల్లో వాడే సాల్వెంట్ల (రసాయన ద్రావకాల) వాసన మొదలవుతుంది, వానాకాలంలో మరీ ఎక్కువ, వ్యర్థాలను వాన నీళ్లలో కలిపి వదిలేస్తే ఎవరూ కనిపెట్టలేరని ట్యాంకర్ల వాళ్లకు బాగా తెలుసు. బోరు నీళ్లు బిందెలో పట్టి ఉంచితే తెల్లారేసరికి పైన పసుపుపచ్చ తెట్టు కడుతుంది. తాగడానికీ వంటకూ 20 లీటర్ల క్యాన్ కొంటాం గానీ స్నానాలకూ గిన్నెలకూ రోజూ క్యాన్లు ఎవరు కొనగలరు, వాటికి ఆ బోరు నీళ్లే. మా అమ్మకు మోచేతుల దాకా దురద, గోకి గోకి చర్మం నల్లబడి మందమైపోయింది. చెల్లి కొడుకు ఆయాసంతో రాత్రిళ్లు కూర్చునే నిద్రపోతాడు. ఏ ఆఫీసుకు వెళ్లినా ఒకటే ప్రశ్న: ఈ జబ్బు కంపెనీ వల్లే వచ్చిందని రుజువేంటి? వాగులో వదిలేవాడిని వదిలేసి దగ్గేవాడిని రుజువు తెమ్మంటున్నారు. ఆ రుజువు ఎలా కూడగట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి. మీ దగ్గర ఎలా ఉందో కూడా రాయండి.

పాడి రైతు
అన్నా, మాది అదే వాగుకు ఇంకొంచెం దిగువన. 1970లలో ఇండస్ట్రియల్ ఎస్టేట్ వచ్చింది. అంతకుముందు ఈ వాగు నీళ్లతో వరి పండేదని మా నాన్న చెప్తాడు. 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, పాడైన పొలాలకు ఎకరాల లెక్కన పరిహారం ఇమ్మన్నారు. పొలానికి లెక్క కట్టారు సరే, మనిషి ఒంటికి, గొడ్డుకు ఎవరు కడతారు? మా ఇంట్లో చూడి గేదె వాగు నీళ్లు తాగిన కొన్నాళ్లకే ఈసుకుపోయింది, అంటే కడుపు పోయింది, మరుసటేడు ఇంకోటి. ఆ నీళ్ల వల్లే అని నేను ఒట్టు పెట్టలేను, అయితే ఇప్పుడు గొడ్లను వాగు దగ్గరికి పోనివ్వను. ఫలానా ఊరి పాలు అంటే పక్కూరివాళ్లు కొనరు కూడా. కాస్త డబ్బున్నవాళ్లు సంగారెడ్డిలోనో లింగంపల్లిలోనో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారు. మిగిలినవాళ్లం అవే కంపెనీల్లో కాంట్రాక్టు కూలీలం, అదీ డ్రమ్ములు కడిగే పనికి పిలుస్తారు, పర్మనెంట్ ఉద్యోగానికి కాదు.

షిఫ్ట్ కెమిస్ట్
నేను బల్క్ డ్రగ్, అంటే మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలో పనిచేస్తాను, ఉండేది మాత్రం చందానగర్‌లో. మా ప్లాంటులో జీతం బాగా వచ్చేవాళ్లెవరూ ఆ ఊళ్లలో కాపురం పెట్టరు, పిల్లలను అక్కడి స్కూల్లో వేయరు. ఇది దాచాల్సిన విషయం కాదు కాబట్టి రాస్తున్నాను. రుజువు అడుగుతున్నారు కదా, 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలు వచ్చే శుద్ధి కేంద్రం నుంచి, అంటే శుద్ధి అయ్యాక బయటికి వచ్చే నీళ్లను పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ దొరికింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. అలాంటి నీళ్లలో పెరిగే బ్యాక్టీరియా మందుకు అలవాటు పడి మొండికేస్తుంది, రేపు మామూలు ఇన్ఫెక్షన్‌కు కూడా మందు పనిచేయకపోతే ముందు ఇబ్బంది పడేది ఖరీదైన ఇంజెక్షన్లు కొనలేనివాళ్లే. ఇలా నీళ్లను పరీక్షించినవాళ్లున్నారు, ఆ నీళ్ల పక్కన బతికే మనుషులను ఏళ్ల తరబడి గమనిస్తూ లెక్క రాసేవాళ్లు కావాలి.

గాజువాక
మాది విశాఖ అండి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశం మొత్తమ్మీద 43 చోట్లను తీవ్ర కాలుష్య ప్రాంతాలంది, అందులో మీ పటాన్‌చెరు–బొల్లారం, మా విశాఖ రెండూ ఉన్నాయి. పోర్టు పక్క వీధుల్లో బొగ్గు పొడికి ఉతికిన బట్టలు ఆరేసుకోలేరు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ప్లాస్టిక్ కంపెనీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది పోయారు, ఆ కంపెనీ గోడ పక్కన ఉన్నవి కూలీనాలీ చేసుకునేవాళ్ల ఇళ్లే. అలా ఒక్క రాత్రిలో చనిపోతే దేశమంతా చూస్తుంది. రోజూ కొంచెం కొంచెం పీల్చేవాళ్ల గురించి ఎవరూ అడగరు.

జవహర్‌నగర్ అక్క
మా దగ్గర కంపెనీ లేదు, హైదరాబాద్ చెత్తంతా ఉంది. గుట్టకు పైన కప్పు వేశారు, అయినా దాని కింది నల్లటి నీళ్లు మల్కారం చెరువును పాడుచేశాయి. అన్నం తింటుంటే కంచం మీద ఈగలు తోలడానికి ఒక మనిషి కావాలి. అమ్ముకుని పోదామంటే మావి రిజిస్ట్రేషన్ లేని నోటరీ కాగితాల ఇళ్లు, ఎవరు కొంటారు?

బస్తీ దవాఖానా నర్స్
మొదటి పోస్టు తమ్ముడికి చెప్తున్నా. ఒక మనిషిని చూపించి ఈ ఆయాసం ఫలానా కంపెనీ వల్లే అని ఏ డాక్టరూ రాసివ్వలేడు, ఉబ్బసానికి వంద కారణాలుంటాయి. ఊరు మొత్తం లెక్క ఉంటే మాత్రం మాట మారుతుంది. ఆశా కార్యకర్తతో కలిసి ఇంటింటికీ ఒక పేజీ చొప్పున నోటుబుక్కు పెట్టండి. ఎవరికి ఏ జబ్బు, ఎప్పటినుంచి, ఏ నీళ్లు వాడుతున్నారు, కంపెనీలో పనికి వెళ్తారా, సిగరెట్ బీడీ ఉందా, ఇంట్లో కట్టెల పొయ్యా గ్యాసా, అన్నీ రాయండి. చివరివి రాయకపోతే మీ లెక్కను రెండు నిమిషాల్లో కొట్టిపారేస్తారు. వాగుకు దూరంగా, ఇలాంటి బతుకులే ఉన్న ఇంకో ఊళ్లో కూడా అవే ప్రశ్నలు అడిగి రాస్తే పోల్చడానికి పనికొస్తుంది. చీటీలు, ఎక్స్‌రేలు పారేయొద్దు. వాసన వచ్చిన రాత్రి తేదీ, టైము, గాలి ఎటునుంచి వీస్తుందో కూడా వేరే పేజీలో రాయండి.

నక్కవాగు పక్కూరు
అక్కా, ఈ ఆదివారం నుంచే మొదలుపెడతాం. బోరు నీళ్ల పాత పరీక్ష రిపోర్టుల కోసం సమాచార హక్కు కింద అర్జీ కూడా పెడతాను. ఇంకో విషయం, మా దగ్గర ఒక కంపెనీ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ పెడతారని అంటున్నారు. ఎవరైనా అందులో మాట్లాడారా?

షిఫ్ట్ కెమిస్ట్
కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులో కూడా ఉండాలి. ముందు అది తెచ్చుకోండి. నీటి వాడకం, వ్యర్థ జలాలు ఎన్ని కిలోలీటర్లు, ఎక్కడికి పంపుతారు అనే పట్టిక చూడండి, అర్థం కాకపోతే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, నేను చదివి చెప్తాను. సభలో నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద రాసి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.

పాడి రైతు
తేదీ తెలిస్తే ఇక్కడ పెట్టు అన్నా, మా ఊరి నుంచి కూడా వస్తాం. గొడ్ల లెక్క నేను రాసుకొస్తా.