ప్రిఫోంటెయిన్ పరుగు: అంకితభావమా, మొండితనమా?

నిలకడ:
అమెరికా పరుగువీరుడు స్టీవ్ ప్రిఫోంటెయిన్‌ను కాలేజీ క్రాస్ కంట్రీ (పొలాలు, గుట్టల మీదుగా సాగే దూరపు పరుగు) పిల్లలకు ఆదర్శంగా చూపడం నాకు సమ్మతం కాదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్, 5000 మీటర్ల ఫైనల్. ఇంకా నాలుగు రౌండ్లు ఉండగానే ముందుకు దూకాడు. చివర్లో విరెన్, గమూది దాటిపోయారు. ముగింపు గీత దగ్గర ఇయాన్ స్టీవార్ట్ కూడా దాటేశాడు. కాస్త ఓపిక పట్టి ఉంటే కాంస్యమైనా దక్కేది.

తెల్లవారుజాము:
అప్పటికి ఆయన వయసు 21. ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఓటమి ఎలా అవుతుంది?

గుట్టలదారి:
నిలకడ గారూ, మీరు చెబుతున్నది ట్రాక్ సంగతి. క్రాస్ కంట్రీ చూడండి. ఒరెగాన్ విశ్వవిద్యాలయం తరఫున 1970, 1971, 1973లలో జాతీయ టైటిల్ ఆయనదే. 1973లో స్పోకేన్‌లో నిక్ రోజ్ ఎంతో ముందుకు వెళ్లిపోతే, వెనక నుంచి తరుముకొచ్చి గెలిచాడు. ఓపిక లేనివాడు చేయగలిగే పనా అది? పైగా ఈ పోటీలో జట్టులో ముందు వచ్చిన అయిదుగురి స్థానాలు కూడతారు, తక్కువ మొత్తం వచ్చినవారే విజేతలు. 1971, 1973లలో జట్టు టైటిలూ ఒరెగాన్‌కే వచ్చింది. ఆయన ఒక్కడి కోసమే పరుగెత్తాడనడం అన్యాయం.

నిలకడ:
ఒక్కడి కోసం అని నేను అనలేదు. నాలుగు రౌండ్ల ముందే ఎందుకు దూకాడన్నదే నా ప్రశ్న. దానికి జవాబు చెప్పండి.

మైలురాయి:
1970లో పాదానికి కుట్లు ఉండగానే కాలేజీ జాతీయ పోటీల్లో మూడు మైళ్లు గెలిచాడు. అంకితభావం అంటే అది!

నిలకడ:
ఆ కుట్ల కథే మా ఇంటికి చేటు తెచ్చింది. మా అమ్మాయి కాలేజీ జట్టులో ఉండేది. కాలి ఎముక నొప్పి అని చెబితే కోచ్ ఈ కథే వినిపించి, నువ్వు తప్పుకుంటే జట్టుకు మనిషి తక్కువవుతుందని పరుగెత్తించాడు. తరవాత ఎక్స్‌రేలో పగులు కనిపించింది. ఆ కోచ్ ఒక్కసారైనా పలకరించలేదు.

గుట్టలదారి:
చాలా బాధాకరం. కానీ తప్పు కోచ్‌ది. దాన్ని ప్రిఫోంటెయిన్ మీద ఎలా మోపుతారు? ఆటగాళ్ల మీద పెత్తనానికి ఎదురు తిరిగినవాడాయన. అప్పట్లో అమెరికాలో అథ్లెటిక్స్‌ను నడిపిన, పరుగుతో డబ్బు సంపాదించనివ్వని అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ ఆంక్షలతో పోరాడాడు. ట్రెయిలర్ ఇంట్లో (చక్రాల మీది చిన్న ఇల్లు), చాలీచాలని డబ్బుతో బతికాడు. 1975లో ఫిన్లాండ్ అథ్లెట్లను పిలిపించి తానే పోటీలు ఏర్పాటు చేశాడు. ఆ పోటీల్లో పరుగెత్తిన రాత్రే, 24 ఏళ్ల వయసులో, కారు ప్రమాదంలో పోయాడు. ఆ కోచ్‌కు ఈ భాగం తెలిస్తే మీ అమ్మాయికి చెప్పి ఉండేవాడా?

నిలకడ:
చెప్పడు. నా కోపమూ అదే. పిల్లలకు కుట్ల కథ చెబుతారు, ఎదురు తిరిగిన కథ దాచిపెడతారు. అయినా ఆయన పరుగెత్తింది తన ఇష్టంతో. మా అమ్మాయిని ఇష్టమేమిటని అడిగినవారు లేరు.

తెల్లవారుజాము:
ఇప్పుడు ఎలా ఉందండీ?

నిలకడ:
నడుస్తోంది. బూట్లు మాత్రం పారేయనివ్వడం లేదు.