చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి లేకపోతే పైకి రాలేమా?

తనయ_ఒడ్డు (పర్లాకిమిడి, ఒడిశా):
అందరికీ నమస్కారం. నేను బీకాం ఆఖరి ఏడాది. మా కాలేజీ సభకు వచ్చిన ఒక పెద్దాయన "మెంటర్ లేకుండా ఎవరూ పైకి రాలేదు, ముందు ఒక గురువును వెతుక్కోండి" అని గట్టిగా చెప్పి వెళ్లారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మాది కిరాణా కొట్టు. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే. ఎవరి దగ్గరికి వెళ్లాలి? విశాఖలో ఉన్న మా పెద్దమ్మ కొడుకు ఆన్‌లైన్‌లో 12 వేలు కట్టి మెంటర్‌షిప్ తీసుకున్నాడు. వారానికోసారి వంద మందిని కూర్చోబెట్టి మాట్లాడతారట. మా నాన్నేమో "పని వెంట పడు, మనుషుల వెంట పడకు" అంటారు. నాకు నాన్న మాటే సరి అనిపిస్తోంది. కానీ టెన్షన్ పోవడం లేదు. మీరేమంటారు?

రాయగడ_వెల్డర్:
తమ్ముడూ, మీ నాన్నగారి మీద గౌరవం ఉంచే చెప్తున్నాను, ఆ మాట ఒప్పుకోలేను. ఐటీఐ పాసై ఫ్యాక్టరీకి వచ్చిన మొదటి నెలలో నేను వేసిన వెల్డులు చాలావరకు గ్రైండ్ చేసి తీసేయాల్సి వచ్చింది. లోపలంతా సూది రంధ్రాలు. మెషీన్‌లో తేడా ఉందనుకున్నాను. ఒక ముసలి మేస్త్రి, ఒడియా ఆయన, మెషీన్ వైపు చూడనే లేదు. నేరుగా నా రాడ్ల డబ్బా దగ్గరికి వెళ్లారు. వానాకాలం, మూత తీసి వదిలేశాను. నేను వాడే రకం రాడ్డు చెమ్మ పీల్చుకుంటుంది, ఓవెన్‌లో పెట్టి వేడి చేసి వాడాలి. ఇది పుస్తకంలో ఉన్న సంగతే. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ ఆ వాక్యం నా ముందున్న డబ్బా గురించే అని నాకు తట్టలేదు.

తర్వాత ఆయన చప్పుడు వినడం నేర్పారు. ఆర్క్, అంటే రాడ్డు కొనకీ ఇనుముకీ మధ్య వెలిగే మంట, సరిగ్గా ఉంటే నూనెలో గారె వేగుతున్నట్టు ఒకే తీరుగా వినిపిస్తుంది. పొడుగైతే బుస కొడుతుంది. ఇదే నా అంతట నేను తెలుసుకోవాలంటే ఎన్నేళ్లు పట్టేదో. పని వెంట పడమన్నారు మీ నాన్నగారు, నిజమే. కానీ పని మనకు కనబడాలి కదా. చూపించే మనిషి కావాలి.

సీత_గుణుపురం:
అన్నయ్యా, మీకు మంచి మనిషి దొరికారు. నాకు ఎలాంటివారు దొరికారో కూడా ఈ తమ్ముడు వినాలి.

నేను డిగ్రీ అయ్యాక ఒక ఆఫీసులో లెక్కలు రాయడానికి చేరాను. అక్కడి పెద్దాయన "నిన్ను నా కూతురిలా చూసుకుంటా, అన్నీ నేర్పిస్తా" అన్నారు. కొన్ని నేర్పారు, కాదనను. కానీ రెండేళ్లలో నేను ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెడతానన్నా "నీకింకా టైం రాలేదు" అనేవారు. జీతం పెంచమంటే "నేర్పినందుకు నువ్వే నాకివ్వాలి" అన్నారు. పైగా ఆడపిల్ల ఒక మగాయన దగ్గర రోజూ సాయంత్రం దాకా కూర్చుని నేర్చుకుంటుంటే చిన్న ఊళ్లో మాటలు పుట్టడానికి ఎంతసేపు? మా అమ్మ ఎన్ని పడిందో నాకు తెలుసు. "గురువును వెతుక్కో" అని మగపిల్లలకు చెప్పినంత తేలిగ్గా మాకు చెప్పకండి.

పైగా నాకు నిజంగా కావలసిన ఒక్క సంగతి ఆయన చెప్పలేదు. నేను ఏడో తరగతి దాకా ఆంధ్రాలో, పాతపట్నంలో అమ్మమ్మ దగ్గర చదివాను. ఆ తర్వాత ఇక్కడ ఒడిశాలో ఇంగ్లీష్ మీడియంలో హిందీ తీసుకున్నాను. ఒడియా ఎప్పుడూ సబ్జెక్టుగా చదవలేదు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఫారం నింపుతుంటే, ఒడియా కనీసం మిడిల్ స్కూల్ స్థాయిలో పాసై ఉండాలని తెలిసింది. సరే, అవతల ఆంధ్రాకి వెళ్దామంటే అక్కడ నేను లోకల్ కాదు. వరుసగా కొన్నేళ్లు అక్కడే చదివి ఉండాలట. బజారులో అందరం తెలుగే మాట్లాడుకుంటాం, ఫారం దగ్గరికి వచ్చేసరికి రెండు వైపులా తలుపు మూసి ఉంటుంది. ఇది ముందే చెప్పడానికి గురువు అక్కర్లేదు. నాకంటే నాలుగేళ్ల ముందు ఆ ఫారం నింపిన అక్క ఒక్కరు చాలు.

బరంపురం_మాస్టారు:
అమ్మా సీతా, నీ పోస్టు రెండుసార్లు చదివాను. ఎదగనివ్వని మనిషిని గురువు అనకూడదు. ఆయన యజమాని, అంతే.

నేను రిటైరైన టీచర్ని, కాబట్టి నాకు పర్లాకిమిడి అంటే ముందు గిడుగు రామమూర్తి పంతులు గారే గుర్తొస్తారు. 1880లో అక్కడి రాజావారి బడిలో మాస్టారుగా చేరారు. అక్కడి కొండల్లో ఉండే గిరిజనులు సవరలు, వాళ్ల భాష నేర్చుకోవాలనిపించినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లారు? ఏ కాలేజీలోనూ ఆ భాష లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, ఆయన నోటి నుంచి నేర్చుకున్నారు. అదే పంతులు గారికి 1907 ప్రాంతంలో స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌గా వచ్చిన యేట్స్ దొర తోడయ్యాడు. పుస్తకాల తెలుగుకీ మనుషులు మాట్లాడే తెలుగుకీ ఇంత దూరం ఎందుకని దొర అడిగిన ప్రశ్న ఆయన్ని వ్యావహారిక భాష వైపు నడిపించింది. అంటే ఆయన ఒక్కో పనికి ఒక్కో మనిషి దగ్గర నేర్చుకున్నారు. అందులో ఒకరు అధికారి, ఇంకొకరు సమాజం తక్కువగా చూసిన మనిషి.

బాబూ, నీ జీవితం మొత్తానికి ఒక్క మెంటర్ కావాలనుకుంటున్నావు. అందుకే నీకు భయం వేస్తోంది.

శ్రీను_పాతపట్నం:
మాస్టారూ, ఒక అభ్యంతరం. గిడుగు వారికి జీతం ఉంది, ఇంట్లో మనిషిని పెట్టుకోగలిగారు. ఆయనకు నేర్పిన ఆ మనిషికి, ఆ సవరలకు ఏం దక్కింది? మా లాంటివాళ్లం ఒకరి టైం తీసుకుంటే తిరిగి ఏమివ్వగలం? చెయ్యి చాచినట్టు అనిపించి నాకు ఎప్పుడూ నోరు రాలేదు. ఇరవై ఎనిమిదేళ్లొచ్చాయి.

బరంపురం_మాస్టారు:
శ్రీనూ, అడగవలసిన ప్రశ్నే అడిగావు. పంతులు గారు సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు తయారుచేశారు, బడులు నడిపారు. 1911లో మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టండి అన్నారు. సవర-ఇంగ్లీష్ నిఘంటువు 1938 నాటికి గానీ రాలేదు. నేర్చుకున్నదాన్ని అన్నేళ్లు వదల్లేదు.

మనం అంత చెయ్యలేం. నా సంగతి చెప్తాను. నా దగ్గర సలహా అడిగి వెళ్లిన పిల్లలు చాలామంది. ఏమైందో తిరిగి వచ్చి చెప్పినవాళ్లు బాగా తక్కువ. సీటు రాలేదనైనా సరే, ఫోన్ చేసి చెప్తే ఆ రోజంతా నాకు పండగలా ఉంటుంది. నాలాంటివాడికి ఇవ్వవలసింది అదే నాయనా. అడుగు.

రాయగడ_వెల్డర్:
సీతమ్మా, నీ మాట చదివాక ఒకటి ఒప్పుకుంటున్నాను. మా మేస్త్రి రాడ్డు గురించి చెప్పారు గానీ, నేను ఎక్కడ పనిచెయ్యాలో, ఎంత జీతానికి ఒప్పుకోవాలో ఎప్పుడూ చెప్పలేదు. ఆ గీత ఆయన దాటలేదు కాబట్టే ఆయన మీద నాకు ఈ గౌరవం మిగిలింది. అయినా తమ్ముడితో నేను చెప్పేది మారదు. చేతి పనిలో ఒక మనిషి పక్కన నిలబడాల్సిందే. వంద మందిలో ఒకడిగా ఫోన్‌లో వింటే నీ డబ్బా మూత తీసి ఉందని ఎవరు చూస్తారు?

తనయ_ఒడ్డు:
మీ అందరి పోస్టులూ నాన్నకు చదివి వినిపించాను. మేస్త్రి గారి గారెల చప్పుడు దగ్గర నవ్వి, "మా సేటు కూడా నాకు బెల్లం వేలితో నొక్కి చూడటం అలాగే నేర్పాడు" అన్నారు. ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. 12 వేల ఆలోచన మానేశాను.

సీతక్కా, ఒక్కటి అడగాలి. నేనూ పదో తరగతిలో ఒడియా తీసుకోలేదు. ఆ మిడిల్ స్కూల్ స్థాయి పరీక్ష మీరు రాశారా? ఎలా చదివారు?

సీత_గుణుపురం:
రాశాను, పాసయ్యాను. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని భయపడకు, మన తెలుగు చెయ్యికి త్వరగానే అలవాటవుతాయి. నాకు కష్టమైంది వ్యాసం. రోజూ ఒడియా పేపర్‌లో ఒక చిన్న వార్త చూసి రాసేదాన్ని, పక్కింటి పిన్ని దిద్దేది. నా నోట్సు ఇంకా ఉంది. ఆదివారం పొద్దున గుణుపురం బండెక్కి రా. మా అమ్మ కూడా ఇంట్లోనే ఉంటుంది. మీ సర్టిఫికెట్లన్నీ తెచ్చుకో, ఏ సబ్జెక్టులు చదివావో ముందు చూద్దాం. నేను నీకు గురువును కాను, ఆ ఒక్క పరీక్ష సంగతే చెప్తాను.