టర్బోనా, సూపర్‌చార్జరా? 10.5:1 కంప్రెషన్ నిష్పత్తి ఉన్న 1.6 లీటర్ పెట్రోల్ ఇంజిన్‌కి ఏది నయం?

పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు కంపెనీవే, మార్చను. బూస్ట్ (ఇంజిన్‌లోకి అదనంగా నెట్టే గాలి ఒత్తిడి) 6 పీఎస్ఐ దాటదు. 2000 నుంచి 4000 ఆర్‌పీఎం మధ్య లాగుడు పెరిగితే చాలు.

సూపర్‌చార్జర్ క్రాంక్ బెల్టుతో తిరుగుతుంది కాబట్టి యాక్సిలరేటర్ తొక్కగానే బూస్ట్ అందుతుంది, కానీ ఇంజిన్ శక్తినే కొంత తినేస్తుంది. పైగా రూట్స్ రకం (రెండు రోటర్లతో గాలిని నెట్టే సూపర్‌చార్జర్) గాలిని బాగా వేడెక్కిస్తుంది. ఇంత కంప్రెషన్‌లో నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి మండడం) మొదలయ్యేది అక్కడే.

టర్బో ఎగ్జాస్ట్ వేగంతో తిరుగుతుంది. చిన్న టర్బైన్ పెడితే ల్యాగ్ (బూస్ట్ అందడంలో ఆలస్యం) తగ్గుతుంది, పై ఆర్‌పీఎంలో మాత్రం ఎగ్జాస్ట్‌కి దారి ఇరుకవుతుంది. అసలు బెంగ టర్బో నుంచి ఆయిల్ వెనక్కి వెళ్లే రిటర్న్ పైపు మీదే. ఆయిల్ పంపు తోయకుండా, వాలు మీదే సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలోకి) దిగాలి. పైపు ఎక్కడైనా నొక్కుకుపోయేలా వంగినా, సంప్‌లో ఆయిల్ మట్టానికి కింద కలిపినా ఆయిల్ టర్బోలోనే నిలిచి, సీల్ దాటి నీలం పొగ కొడుతుంది. సంప్‌కి రంధ్రం ఎంత ఎత్తులో వేస్తే క్షేమం?

6 పీఎస్ఐ అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్‌లో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి సుమారు 1.4 రెట్లు. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి వేయక తప్పదు. బూస్ట్ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెట్టినా ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగారు? ఫుల్ త్రాటిల్‌లో గాలి-పెట్రోల్ నిష్పత్తి 11.8:1 దగ్గర ఉంచితే సరిపోతుందా? ఇలాంటి ఇంజిన్ ట్యూన్ చేసినవాళ్లు దయచేసి చెప్పండి.