ప్రదర్శనకు తెచ్చే పశువు కోసం పిల్లలకు ఏటా సర్టిఫికెట్ అవసరమా?

గిత్తలసావిడి: అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఫోర్-హెచ్ అనే బాలల సంఘంలోని పిల్లలు మేకనో గొర్రెనో ప్రదర్శనకు తీసుకురావాలంటే వైక్యూసీఏ అనే పశుసంరక్షణ శిక్షణను ఏటా పూర్తిచేసి తీరాలి. 8 నుంచి 21 ఏళ్ల వారికి ఉద్దేశించిన ఈ శిక్షణకు ఆన్‌లైన్‌లో 12 డాలర్లు, తరగతికి వెళ్తే 3 డాలర్లు. డబ్బు గురించి నా బాధ కాదు. నిరుడు మా అబ్బాయి మార్చి నుంచి జూలై దాకా మేకపిల్లకు తెల్లవారుజామునే లేచి దాణా పెట్టి, డెక్కలు కత్తిరించి, తాడు పట్టి నడక నేర్పితే, గడువులోగా సర్టిఫికెట్ రాలేదని వాణ్ని బరిలోకే రానివ్వలేదు. ఒకసారి నేర్చుకున్నదాన్ని ఏటా మళ్లీ నేర్చుకోవాలా?

మందులపెట్టె: నేను పశువైద్యశాలలో పనిచేస్తానండీ. నియమాలు మారుతుంటాయి గనుకే ఏటా చెప్పాలి. 2023 జూన్ దాకా రైతుల దుకాణంలో పెన్సిలిన్ సీసా ఎవరైనా కొనగలిగేవారు. ఇప్పుడు పశువైద్యుడి చీటీ తప్పనిసరి. మొన్న ఒక కుర్రవాడు ఇంట్లోని పాత సీసాతో గొర్రెకు తొడలో సూది వేసి మా దగ్గరికి వచ్చాడు. మందు వేశాక మాంసానికి పంపకుండా ఎన్ని రోజులు ఆగాలో సీసా మీదే రాసి ఉంటుంది. ఆ వరుస మీద నేను వేలు పెట్టి చూపేదాకా అతను చదవనేలేదు. సూది మెడకే వేయాలన్నదీ అతనికి తెలియదు.

గిత్తలసావిడి: మెడకే ఎందుకు? మా నాన్నగారు ఒంగోలు గిత్తలకు నలభై ఏళ్లు తొడకే సూది వేయించారు. ఒక్కటీ కుంటలేదు.

చల్లకవ్వం: గడువు దాటించింది మీరు. సూది మీద కోపమెందుకు?

మందులపెట్టె: మీ నాన్నగారి గిత్తలు అరక దున్నాయి, ఇక్కడి పశువు ప్రదర్శన అయ్యాక వేలంలో అమ్ముడై కబేళాకు వెళ్తుంది. సూది దిగినచోట కండ గట్టిపడి మచ్చ కడితే అంతమేర కోసి పారేయాలి. తొడ మాంసం ఖరీదైనది, మెడది చవక. మందుల సంగతి చిన్నది కాదు. 1994లో ఒహాయో రాష్ట్ర ప్రదర్శనలో బహుమతి పొందిన పశువుల్లోనే, కండ పెంచడానికి దొంగచాటుగా వేసే క్లెన్‌బ్యుటెరాల్ అనే నిషిద్ధ మందు బయటపడింది.

గిత్తలసావిడి: అంటే సూది మెడకు వేసేది పశువు నొప్పి చూసి కాదు, ముక్క ధర చూసి. దానికి సంరక్షణ అని పేరెందుకు పెట్టాలి? తన చేతి నుంచి మేత తిన్న జీవాన్ని చివరిరోజు లారీ ఎక్కించమని పదేళ్ల పిల్లవాడికి ఏ శిక్షణ చెప్పగలదు?

మందులపెట్టె: శిక్షణలోని మూడు భాగాల్లో ఆహార భద్రత ఒకటి. పశువు ఎక్కడికి వెళ్తుందో వాళ్లు దాచలేదు. మీరు మీ అబ్బాయికి చెప్పారా? చివరికి తినబోయేదైనా బతికినన్నాళ్లు నీడ, మంచినీళ్లు, నొప్పికి మందు దానికి దక్కాలి. నేను సంరక్షణ అనేది దాన్నే.

చల్లకవ్వం: నిరుటి మేక ఏమైందండీ?

గిత్తలసావిడి: బరిలోకి వెళ్లలేదు కాబట్టి వేలానికీ వెళ్లలేదు. మా పెరట్లోనే ఉంది. ఈ ఏడు వాడు శిక్షణ సకాలంలో పూర్తిచేశాడు, కొత్తపిల్లను తెచ్చాం. నేనింకా వాడికి చెప్పలేదు. మందులపెట్టె గారూ, మీరు అడిగింది నిజమే. అయినా ఆ పేరు విషయంలో నా మాట మారదు.